‘మస్ట్’ అని రాసే హక్కు

ఎర్ర ఇంకుతో రాసి, చుట్టూ గుండ్రంగా గీత గీసిన ఆ మాటను కొట్టేసింది నేనే. సాయంత్రం ఐదు దాటింది. ఎర్రగుంట్ల కవర్ అప్పుడే చేతికొచ్చింది. లోపల ఒక్కటే కాగితం, దాని నెత్తిన ‘మస్ట్’. పంపినవాడు మా విలేకరి దస్తగిరి. నేను కర్నూలు డెస్కులో కడప జిల్లా పేజీలు చూసే సబ్ ఎడిటర్ని. మస్ట్ అని రాయడానికి దస్తగిరి ఎవరు అనుకున్నాను. అడ్డంగా ఒక గీత గీశాను. పన్నెండు వాక్యాల వార్తను రెండు వాక్యాలకు కుదించి, మూలన పడేసే చిన్న వార్తల్లో కలిపాను. ఒక నిమిషం కూడా పట్టలేదు.

ఈ వృత్తిలోకి కొత్తగా వస్తున్నవాళ్ళు నన్ను ఏమైనా చెప్పమంటే ఆ నిమిషం దగ్గరే మొదలుపెడతాను.

ఆ మాట ఎవరిది

మస్ట్ అంటే ఏమిటో బడిపిల్లలకు కూడా తెలుసు. పత్రికాఫీసులో దాని బరువు వేరుగా ఉండేది. ఆ రోజుల్లో వార్తలు కాగితం మీద వచ్చేవి. విలేకరులు రాసి, కవర్లో పెట్టి, బస్సు డ్రైవర్ చేతికిచ్చేవారు. కర్నూలు బస్టాండులో మా మనిషి వాటిని ఏరుకొని తెచ్చేవాడు. రోజుకు వచ్చే వార్తల్లో సగానికి కూడా పేజీలో చోటుండదు. పేజీ అతికించేవాళ్ళు చోటు చాలనప్పుడు బ్లేడు తీసుకొని వార్తను కింది నుంచి కోసేవారు, లేదంటే మొత్తం తీసి పక్కన పెట్టేవారు. వాళ్ళను ఎవరూ అడగరు. కానీ కాగితం మీద ఎర్రగా మస్ట్ అని ఉంటే ఆ బ్లేడు ఆగాలి. ఆ వార్త రేపు ఉదయం రావాలి, అక్షరం తగ్గకుండా రావాలి. అదీ దాని అర్థం.

ఆ మాట రాసే హక్కు మా డెస్కులో ఒక్కరికే ఉండేది. ఆయన మా ఇన్‌ఛార్జి ఓబుళేసు సార్. పొట్టి మనిషి. చొక్కా జేబులో రెండు పెన్నులుండేవి, నీలం ఒకటి, ఎరుపు ఒకటి. నీలం పెన్ను ఎవరడిగినా ఇచ్చేవాడు. ఎర్ర పెన్ను మాత్రం భోజనానికి పోయినా జేబులోనే ఉండేది.

రోజుకు మూడు మస్టులకు మించి ఆయన రాయగా నేను చూడలేదు. కాలువకు నీళ్ళు ఆపుతున్నారంటే మస్ట్. పరీక్ష తేదీ మారిందంటే మస్ట్. ఫలానా బావి నీళ్ళు తాగొద్దని వైద్యులు చెప్పారంటే మస్ట్. మంత్రి వచ్చిపోయినా అది మస్ట్ కాదు. ఒకసారి ఒక పెద్దమనిషి తన సన్మానం వార్త తానే రాయించి, తానే పట్టుకొచ్చి, ‘‘దీని మీద ఆ ఎర్ర మాట రాయండి సార్, మీ వాళ్ళు కోసేస్తారంట’’ అన్నాడు. ఓబుళేసు సార్ ఆయనకు టీ తెప్పించాడు. టీ అయిపోయేదాకా పంటల గురించి మాట్లాడాడు. చివర్లో, ‘‘అప్పా, రేపు పొద్దున్నే ఈ వార్త సదవకపోతే ఎవురికన్నా నష్టముండాదా? నీకు తప్ప?’’ అన్నాడు. ఆ మనిషి నవ్వేసి, కాగితం మడిచి జేబులో పెట్టుకొని పోయాడు.

ఇంకోరోజు పక్క డెస్కులో ఒకాయన ఉత్సాహంగా ఐదు వార్తలు తెచ్చి ఐదింటికీ మస్ట్ కావాలన్నాడు. ‘‘మస్టంటే ఇంట్లో మజ్జిగ అనుకుంటివా సామీ, వచ్చినోనికల్లా పొయ్యనీకి? ఐదుంటే ఒగటీ లేనట్లే’’ అన్నాడు సార్. మేమందరం నవ్వాం. ఆ నవ్వులో నేను నేర్చుకున్నది సగమే. అడిగినవాళ్ళకు లేదనడం నేర్చుకున్నాను. అంతకుముందు ఆయన వేసుకునే ప్రశ్నను వదిలేశాను. ఈ వార్త రాకపోతే ఎవరికి నష్టం అని ఆయన ప్రతి కాగితం దగ్గరా అడిగేవాడు.

దర్జీ రాసిన వార్త

దస్తగిరి దర్జీ. ఎర్రగుంట్లలో రైల్వేస్టేషన్ నుంచి వచ్చే దారిలో ఒక్క గది అంగడి, ఒక్క మిషను. సిమెంటు ఫ్యాక్టరీలకు వచ్చిపోయే లారీలవాళ్ళు చిరిగిన బట్టలు అక్కడే వేయించుకునేవారు. వాళ్ళ కబుర్లే అతనికి వార్తలు. అతని కవర్ విప్పితే కాగితంతోపాటు ఒక దారం ముక్కో, సుద్ద పొడో రాలేది. కొలతలు రాసుకునే కాగితాల వెనకవైపే వార్త రాసేవాడు. అక్షరం ముత్యంలా ఉండేది. వాక్యాలు మాత్రం ఆగేవి కావు. డెస్కులో అతని మీద జోకులు వేసుకునేవాళ్ళం. నేనూ వేసేవాణ్ణి.

ఆ రోజు అతను రాసింది గుర్తు తెలియని మృతదేహం వార్త. లారీలు ఆగే చోటుకు కొంచెం దూరంలో, కల్వర్టు పక్కన ఒక మనిషి చనిపోయి ఉన్నాడు. గాయాలు లేవు. ఎండదెబ్బ కావచ్చని పోలీసులన్నారు. ఇలాంటి వార్తలు వారానికి రెండుమూడు వచ్చేవి. అవన్నీ ఒకే మూసలో ఉంటాయి. వయసు సుమారు ఇంత, ఎత్తు ఇంత, ఫలానా రంగు చొక్కా, వివరాలు తెలిసినవారు పోలీసులను సంప్రదించాలి. చోటు మిగిలితే వేస్తాం, లేకపోతే లేదు.

దస్తగిరి మాత్రం చొక్కా గురించే పది వాక్యాలు రాశాడు. లేత పచ్చ గళ్ళ గుడ్డ అట. కాజాలు మిషను మీద కాకుండా చేత్తో కుట్టినవట. లోపలివైపు కుడిపక్కన ఇంకో జేబు ఉందట. ఆ జేబు మూలలు ఎర్రదారంతో గట్టిగా కట్టారట. సుగ్గికి పోయేవాళ్ళు, అంటే వానలు లేక పనికోసం ఊళ్ళు దాటి వలస పోయేవాళ్ళు, అలాంటి జేబు కుట్టించుకుంటారట. తాను పని నేర్చుకున్నది ఆదోనిలో కాబట్టి ఈ కుట్టు తనకు తెలుసట. ఇది కడప పక్క కుట్టు కాదు, ఆదోని, ఆలూరు పక్కది, కాబట్టి ఈ వార్త కర్నూలు జిల్లా పేజీల్లో కూడా రావాలి అని రాసి, నెత్తిన మస్ట్ పెట్టాడు. కొలతలు కూడా రాశాడు. కాలరు, ఛాతీ, చేతి పొడవు.

నేను ఆ కాగితాన్ని గట్టిగా చదివి వినిపించాను. ‘‘చచ్చినోనికి కొలతలు తీసుకున్యాడప్పా మన దస్తగిరి’’ అన్నాను. డెస్కంతా నవ్వింది. ఓబుళేసు సార్ అప్పుడు ఫోన్లో ఉన్నాడు.

మా లెక్క చాలా సులువైంది. ఎర్రగుంట్ల వార్త కడప పేజీలకు పోతుంది. ఆలూరు వార్త కర్నూలు పేజీలకు పోతుంది. కడప జిల్లాలో దొరికిన శవం కర్నూలు పేజీలో ఎందుకు? ఈ గీతలు గీసుకున్నది మేమే. పత్రిక కట్టలు ఏ బస్సులో ఏ ఊరికి పోవాలో తేల్చుకోవడానికి గీసుకున్నాం. పనికోసం పోయే మనిషి ఆ గీతలు దాటి పోతాడని నాకు తట్టలేదు. ఏ ఊళ్ళో చనిపోయాడో ఆ ఊళ్ళోనే అతని వార్త వేశాను. అతన్ని ఎరిగినవాళ్ళు మాత్రం ఇంకో జిల్లాలో ఉన్నారు. ఈ పొరపాటు పత్రికలవాళ్ళం తప్ప ఇంకెవరూ చేయలేరు.

దస్తగిరి అంగడి పక్కన మందుల షాపులో ఫోను ఉండేది. ఆ నంబరు మా గోడ మీద రాసే ఉంది. నేను అడగలేదు.

పచ్చ గళ్ళ సంచి

శవాన్ని మూడు రోజులు ఉంచారు. ఎవరూ రాలేదు. పంచాయతీవాళ్ళు పూడ్చేశారు.

ఐదో రోజు పదకొండు గంటలప్పుడు ఒక ఆడమనిషి మా ఆఫీసు మెట్లెక్కి వచ్చింది. పేరు నాగమ్మ, ఆలూరు దగ్గర పల్లె. తమ్ముడు ఈరన్న సుగ్గికి పోయి రెండు నెలలైంది, కబురు లేదు. పత్రికలో వేయిస్తే తెలుస్తుందని వాళ్ళ ఊరి పంతులు చెప్పి పంపాడు. ఆ పంతులు ఇంటికి మా పత్రిక రోజూ పోతుంది. కర్నూలు పేజీలతో పోతుంది.

ఆమె మాట్లాడుతుంటే నేను ఆమె చేతిలో సంచి చూస్తున్నాను. లేత పచ్చ గళ్ళు.

‘‘ఆ గుడ్డ యాడిదమ్మా?’’ అని అడిగాను.

‘‘ఇదా? మా తమ్మునికి సొక్కా కుట్టిచ్చినాం సార్, సుగ్గికి పోయేటప్పుడు. మిగిల్తే సంచి కుట్టిచ్చుకుంటి. యాల?’’

నేను లేచి ఓబుళేసు సార్ దగ్గరికి పోయాను. అచ్చయిన కాగితాలన్నీ గుచ్చే ఇనుప ఊచ బల్ల మీదే ఉంది. పైనున్న నాలుగు రోజుల కాగితాలు తీసి, దస్తగిరి కాగితం బయటికి లాగి ఆయన ముందు పెట్టాను. ఎర్ర మాట మీద నా నీలం గీత అలాగే ఉంది.

ఆయన మొత్తం చదివాడు. మళ్ళీ ఒకసారి చదివాడు. నన్ను తిట్టలేదు. ‘‘నువ్వు సూసినావా సామీ ఆ మనిషిని?’’ అన్నాడు.

‘‘లేదు సార్.’’

‘‘వాడు సూసినాడు గదా. సూసినోడు రాస్తే సూడనోడు కొట్టేసినాడు.’’

తర్వాత కుర్చీలో వెనక్కి వాలి, ‘‘రూలు పెట్టింది నేను. నీకు గీత గీసేది నేర్పిచ్చింది గూడ నేనే’’ అన్నాడు. నా ఉద్యోగంలో ఎంతోమంది పెద్దల కింద పనిచేశాను. తన రూలు తప్పని కిందివాడి ముందు ఒప్పుకున్నది ఈయనొక్కడే.

నాగమ్మను కూర్చోబెట్టి ఆయనే చెప్పాడు, నెమ్మదిగా, ఏమీ దాచకుండా. ఇది మీ తమ్ముడే అని చెప్పలేమని, కాదని కూడా చెప్పలేమని చెప్పాడు. వార్త పంపితే మీ జిల్లా పేజీల్లో మేమే వేయలేదని కూడా చెప్పాడు. ఆమె ఏడవలేదు. సంచిని ఒళ్ళో పెట్టుకొని గళ్ళను వేలితో నిమురుతూ కూర్చుంది. ‘‘వేసింటే నేను వచ్చి మొగం సూసేదాన్ని గదా సార్’’ అంది.

తర్వాత నా వైపు తిరిగింది.

‘‘మా మరదలుకు ఏం సెప్పాల? దాని సేతులకు గాజులుండాయి. తీసెయ్యమనల్నా, ఉంచుకోమనల్నా?’’

ఓబుళేసు సార్ ఎర్ర పెన్ను తీశాడు. దస్తగిరి కాగితం మీద, నేను కొట్టేసిన మాట పక్కనే, తన చేత్తో మళ్ళీ మస్ట్ అని రాశాడు. మరుసటి ఉదయం పన్నెండు వాక్యాలూ రెండు జిల్లాల పేజీల్లోనూ దస్తగిరి పేరుతో వచ్చాయి. కింద ఇంకో వాక్యం సార్ చేర్చాడు. ఈ వార్త మాకు సమయానికే అందిందని, పూర్తిగా ప్రచురించకపోవడం మా తప్పని.

ఆది చొక్కా

నాగమ్మ ఊరికి పోయి, తమ్ముడి పాత చొక్కా ఒకటి తీసుకొని మళ్ళీ వచ్చింది. దర్జీకి కొలత కోసం ఇచ్చే ఆది చొక్కా అది. సార్ నన్ను ఆమెతో ఎర్రగుంట్లకు పంపాడు.

దస్తగిరిని నేను చూడడం అదే మొదటిసారి. సన్నగా, కళ్ళద్దాలతో, మెడలో టేపుతో ఉన్నాడు. నేను పేరు చెప్పగానే పైకీ కిందికీ చూశాడు.

‘‘ఏమప్పా, కత్తెర చేతిలో ఉండాది కదా అని కొలత లేకుండానే కత్తిరిస్తే ఎట్లప్పా? మేం గూడ అట్ల చేస్తాంటే కడపోళ్ళంతా మోకాళ్ళకాడికి ప్యాంట్లేసుకోని తిరుగుతాండ్రి.’’

అంతే. ఆ తర్వాత ఆ సంగతి ఎత్తలేదు. నాకు స్టూలు వేశాడు. నాగమ్మకు నీళ్ళిచ్చి, ‘‘చెల్లెలా, ఆ చొక్కా ఇట్లియ్యి’’ అన్నాడు.

బల్ల మీద చొక్కా పరిచి, చేత్తో నిమిరి, టేపు పెట్టాడు. తన పుస్తకం తెరిచాడు. శవం మీది చొక్కా కొలతలు అందులో ఉన్నాయి. కాలరు సరిపోయింది. ఛాతీ సరిపోయింది. చేతి పొడవు సరిపోయింది. ఇంత ఖాయమైన సాక్ష్యం నా ఉద్యోగంలో ఎప్పుడూ చూడలేదనుకున్నాను.

నాగమ్మ చాలాసేపు ఆ పుస్తకం వైపే చూసింది. ఆమెకు చదువు రాదు. తర్వాత, ‘‘అన్నా, మా ఊర్నించి నలుగురు పోయినారు. ఒగటే తానులో గుడ్డ కొనిరి. ఇద్దురు ముందే వచ్చేసినారు. మా తమ్ముడు రాలేదు, రంగన్న రాలేదు’’ అంది.

‘‘రంగన్న ఎట్లుంటాడు?’’

‘‘ఇద్దురూ ఒగటే కొల్త. రంగన్నకు ఆది లేదని మా తమ్మునిదే ఇచ్చిరి దర్జీకి.’’

దస్తగిరి టేపు చుట్టేశాడు. ‘‘లోపల జేబు?’’ అన్నాడు.

‘‘అందరికీ ఉండాది.’’

‘‘నువ్వు మొగం సూసినావు గదా అన్నా?’’ అని ఆమె అడిగింది.

అతను తల దించుకున్నాడు. ‘‘సూసినా చెల్లెలా. శానా ఎండలో ఉండింది. మొగం మొగంగా లేదు. నేను బట్టలోణ్ణి, బట్ట సూసినా.’’

పోలీసు స్టేషనుకు పోయాం. ఫొటో చూపించారు. ఒకవైపు తిరిగి ఉన్న ముఖం, ఉబ్బిపోయింది, సగం నీడలో ఉంది. నాగమ్మ దాన్ని వెలుతురుకు పెట్టి, దూరం పెట్టి, దగ్గర పెట్టి చూసింది. అవుననలేదు, కాదనలేదు. బట్టలేవని అడిగితే శవంతోనే పోయాయన్నారు. పూడ్చేనాడు దస్తగిరి తన అంగట్లోని తెల్లగుడ్డ తెచ్చి కప్పాడని అక్కడి కానిస్టేబుల్ చెప్తే తెలిసింది. తానుగా దస్తగిరి చెప్పలేదు.

శ్మశానంలో పూడ్చిన చోటు దస్తగిరే చూపించాడు. ఒక మూలన రాయి పెట్టి ఉంది. అదీ అతను పెట్టిందే. నాగమ్మ రాయి దగ్గర కూర్చొని సంచి పక్కన పెట్టింది. లేచేటప్పుడు సంచి తీసుకుంది.

కొత్తగా వచ్చేవాళ్ళకు

ఆ నెలలోనే ఓబుళేసు సార్ విలేకరులందరికీ ఉత్తరం రాశాడు. తప్పిపోయినవాళ్ళ వార్త, గుర్తు తెలియని శవం వార్త రాసేటప్పుడు ఎవరైనా సరే మస్ట్ రాయవచ్చు. ఆ వార్త రెండు జిల్లాల్లోనూ రావాలి. విలేకరితో ఫోన్లో మాట్లాడకుండా డెస్కులో ఎవరూ ఒక్క మాట కొట్టకూడదు. ఈ హక్కును ఎవరైనా సొంతానికి వాడుకుంటారని నేను భయపడ్డాను. ఏళ్ళ తరబడి చూశాను, ఒక్కరూ వాడుకోలేదు. కమలాపురం విలేకరి అయితే రాసే ముందు ఫోన్ చేసి, ‘‘సార్, ఇది మస్టుకు తగుతాదంటారా?’’ అని అడిగేవాడు. హక్కు ఇచ్చాక మనుషులు దాన్ని ఎంత జాగ్రత్తగా పట్టుకుంటారో అప్పుడు చూశాను. అలా వేసిన వార్తల వల్ల తమ మనుషులు దొరికినవాళ్ళు కొందరు ఆఫీసుకొచ్చి ఓబుళేసు సార్‌కు దండం పెట్టేవారు. ఆయన నా వైపు చూడకుండా, ‘‘దండాలు ఎర్రగుంట్లకు పోయి పెట్టండప్పా’’ అనేవాడు.

ఇప్పుడు నేను కల్లూరులో ఉంటున్నాను. మా వీధిలో ఒక అమ్మాయి టీవీ ఛానల్లో పనిచేస్తుంది. ఆమె ఫోన్లో వాళ్ళ గ్రూపు చూపించింది. ప్రతి వార్త ముందూ అర్జెంట్, అర్జెంట్ అని ఉంది. ‘‘ఇందులో నిజంగా అర్జెంట్ ఏదమ్మా?’’ అంటే, ‘‘అన్నీ తాతా’’ అంది నవ్వుతూ. ఆమెను తప్పు పట్టను. వార్త పోయే వేగం మా రోజులకంటే ఎన్నో రెట్లు మేలు. ఇప్పుడైతే ఆ చొక్కా ఫొటో ఆ సాయంత్రమే ఆలూరు చేరేది. కానీ ఆ ఫొటోను పంపాలని ఎవరికో ఒకరికి అనిపించాలి. చొక్కా లోపలి జేబు తిప్పి చూసే మనిషి ఉండాలి. మా డెస్కులో ఇంత మంది ఉండి, ఇంత చదువు చదివి, శవాన్ని మనిషిగా చూసినవాడు ఆ దర్జీ ఒక్కడే. నాకు ఈ పని నేర్పిన గురువులెవరని అడిగితే ఓబుళేసు సార్ పేరు, దస్తగిరి పేరు చెప్తాను. ఆ రెండు పేర్లలో ఏది ముందు చెప్పాలో ఇప్పటికీ తేల్చుకోలేదు.

దస్తగిరి కొలతల పుస్తకంలో ఆ పేజీని చింపలేదు. పోయినసారి నేను ఎర్రగుంట్లకు పోయినప్పుడు చూపించాడు. కొలతలున్నాయి, పైన పేరు రాసే చోటు ఖాళీగా ఉంది.

నాగమ్మ ఊరికి ఆ తర్వాత మూడుసార్లు పోయాను. ఆమె మరదలు గాజులు తీయలేదు. రంగన్న ఇంట్లోనూ దినాలు చేయలేదు. ఈరన్న తిరిగి రాలేదు, రంగన్న తిరిగి రాలేదు. ఎర్రగుంట్లలో ఆ రాయి కింద ఉన్నది ఒక్కడే.